రాజు గెంతు

ఏలూరులో ఒక క్లబ్బువాళ్లు చదరంగం పోటీ పెట్టారు. గెలిచినవాడిని మద్రాసు ఆటలకు పంపుతామన్నారు. తోడుగా వచ్చే మనిషికి కూడా రైలు ఖర్చు తామే పెట్టుకుంటామన్నారు. యాభైల నాటి మాట. నాకు ఆట నేర్పిన మా మావయ్య దగ్గితే అప్పటికే నెత్తురు పడుతోంది. కొల్లేటి లంకలో వల వేసుకుని బతికే మనిషిని మద్రాసు పెద్దాసుపత్రికి చేర్చడానికి నాకు కనబడిన దారి అదొక్కటే.

నేనప్పుడు లంక నుంచి వెళ్లి తాడేపల్లిగూడెంలో బియ్యం మిల్లు కూలీగా ఉన్నాను. మా వైపు ఆడే చదరంగంలో బంటు ఎప్పుడూ ఒక్క గడే నడుస్తుంది. రాజుకు మాత్రం ఆట మొత్తానికి ఒక్కసారి గుర్రంలా గెంతే హక్కు ఉంటుంది. మావయ్య నేర్పిన ఆరంభమంతా ఆ గెంతు కోసమే. ముందుగా మూలన చోటు చేసి ఉంచాలి, ఎదుటివాడు మీదికి వచ్చాక గెంతి అందులో కూర్చోవాలి. "నీళ్లొచ్చేలోపు మెరక చూసుకోవడమేరా," అనేవాడు.

ముందు ఆటలన్నీ అలాగే గెలిచాను. క్లబ్బు సెక్రటరీ పక్కనే నిలబడి భేషన్నాడు కూడా.

ఆఖరి ఆట ఒక ప్లీడరుతో. ఆయన మొదటి ఎత్తులోనే బంటును రెండు గళ్లు తోశాడు.

"ఒక్క గడే కదండీ?" అన్నాను.

"ఇది ఇంగ్లీషు పద్ధతయ్యా. నువ్వూ తోసుకో, ఎవరొద్దన్నారు?" అన్నాడు సెక్రటరీ.

తోశాను. కాసేపటికి ప్లీడరు రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో జరిపాడు.

"ఏవండీ, రెండు పావులా!"

"కోట కట్టుకున్నారయ్యా. మీ కొల్లేట్లో కోటలుండవులే," అన్నాడు సెక్రటరీ.

అందరూ నవ్వారు. నేను నా రాజును ఎత్తి గెంతించాను.

"ఇందులో రాజు గెంతడు," అన్నాడు ప్లీడరు.

"మొన్న గెంతితే భేషన్నారు కదండీ మీరే!" సెక్రటరీ వైపు తిరిగాను.

"అవి మామూలు ఆటలు, ఇది ఫైనలు. వెనక్కి పెట్టు."

పెట్టి, గుర్రం మీద చెయ్యి వేయబోయాను.

"ఆగాగు. ముట్టుకున్న పావే జరపాలి. రాజునే జరుపు," అన్నాడు సెక్రటరీ.

రాజుకు మిగిలింది ఒక్క గడి. అందులో పెట్టాను. మరుసటి ఎత్తులోనే ఆట కట్టు.

లంక రేవులో మావయ్య దోనె కట్టుకుని కూర్చున్నాడు. ఉతికిన పంచె కట్టుకున్నాడు.

"బండి ఎప్పుడ్రా?"

జరిగింది చెప్పాను. దగ్గు తెర తగ్గేదాకా ఆగి, "గెంతకూడదని ముందే చెప్పొచ్చుగా?" అన్నాడు.

"నేనూ అదే అడిగాను మావయ్యా."

దోనె తోసే గెడ, ఎన్నడూ ఎవరికీ ఇవ్వనిది, నా చేతికిచ్చి దోనెలో పడుకున్నాడు. వానలు పడకముందే పోయాడు.

తరవాత ఇంగ్లీషు కూడబలుక్కుని ఆ రూళ్ల పుస్తకం చదివాను. వాళ్లన్నవన్నీ అందులో ఉన్నాయి. పోటీకి ముందు మాకు చదివి వినిపించి ఉంటే, వాళ్ల చేతిలో టీ కూడా చల్లారేది కాదు.