లూసీ అని పిలిచిన మనిషి

మొన్న ఆదివారం చర్చిలో పూజ ముగిశాక, బీరంగూడలో ఉండే మా నర్సమ్మ ఇక లేరని ఫాదర్ చెప్పారు. ముందు వరుసలో ఆమె చోటు ఖాళీగా ఉంటే, దగ్గు ఎక్కువై రాలేదేమో అనుకున్నాను. నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

పటాన్‌చెరులో ఒక చిన్న ఆసుపత్రిలో ఆమె ఏళ్లతరబడి నర్సు. రిటైరయ్యాక పెట్టుకున్న పని ఒకటే. ఎవరికి ఏ పునీతుల, అంటే సెయింట్ల, పేరుందో గుర్తుంచుకుని, ఆ పునీతుల పండుగనాడు పొద్దున్నే ఫోన్ చేసి కథ మొత్తం చెప్పడం. పాలు పొంగుతున్నాయన్నా వదిలేది కాదు.

"పొంగనియ్ బిడ్డా. గా పునీతుణ్ణి సింహాల ముందట ఏసినప్పుడు గింత పరేషాన్ కాలే" అనేది. ఇంకోమాట కూడా తరచూ అనేది: "పునీతులంటే బొమ్మలు కాదు, మనోళ్లే. జెర ముందుగాల పోయిన్రు, గంతే."

నా తొలి బిడ్డ ఆమె చేతుల్లోనే పుట్టింది. నెలలు నిండలేదు, ఊపిరి అందడం లేదు. "ఫాదర్ వచ్చేదాక ఆగలేం, నేనే జ్ఞానస్నానం ఇస్త" అంటూ చెంచాతో పసిదాని నుదుటి మీద నీళ్లు పోసింది. ఆ రోజు పునీత లూసీ పండుగ. ఆ పేరే పెట్టింది. సాయంత్రానికి బిడ్డ పోయింది.

తర్వాత మా ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తలేదు. నేను ఎత్తితే నా భర్త లేచి బయటికి వెళ్లిపోయేవాడు. నర్సమ్మ మాత్రం ప్రతి డిసెంబరులో ఫోన్ చేసేది.

"ఇయ్యాల మన లూసీ పండుగ. ఉంటే ఇప్పుడు బడికి పోతుండె గదా బిడ్డా!"

ఎంత హింస పెట్టినా విశ్వాసం వదలని ఆ పునీతురాలి కథ మళ్లీ మొదటినుంచి చెప్పేది. నేను గది తలుపేసుకుని వినేదాన్ని. నాకొక కూతురు పుట్టిందని, దానికొక పేరుందని నాతో అనే మనిషి ఆమె ఒక్కతే. ఆమె కూడా పోయిందంటే నా బిడ్డను మళ్లీ పోగొట్టుకున్నట్టే ఉంది. ఏడుపు ఆగడం లేదు.

ఆమె అంత్యక్రియల రోజు సమాధుల తోటకు నా భర్త డ్యూటీ దిగి కంపెనీ యూనిఫాంలోనే వచ్చాడు. అందరూ తలా పిడికెడు మట్టి వేస్తున్నారు. తన వంతు రాగానే గోతి అంచున మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"నర్సమ్మా, మా లూసీ ఆడనే ఉంటది. జెర దగ్గరికి తీస్కో" అన్నాడు.

ఆ పేరు ఆయన నోట వినడం నాకదే మొదటిసారి. వెనక జనం ఆగిపోయారు. ఆయన లేవలేదు. మట్టి ఇంకా పిడికిట్లోనే ఉంది.