లస్కర్ కొడుకు డ్రాయింగు పరీక్ష

బాన్సువాడ దగ్గరి తండాలో లోక్యాను ఎరగనివాడు లేడు. నిజాంసాగర్ కాలువ మీద లస్కర్ ఆయన. తూము షట్టర్లు ఎత్తడం, దించడం, ఎవరి మడికి ఎప్పుడు నీళ్ళు పోవాలో చూడడం ఆయన పని. 1978లో కొడుకు మోతీలాల్‌కు హైదరాబాదులో ఇంజనీరింగు సీటొచ్చినప్పుడు ఆయన కాళ్ళు నేల మీద నిలవలేదు. పిల్లవాణ్ణి బస్సెక్కించడానికి తండాకు తండా బాన్సువాడ దాకా కదిలింది. అంతమంది సాగనంపాక ఉత్తచేతులతో వెనక్కి రావడమంటే మాటలా? ఆ భయం మోతీలాల్‌ను బస్సులోనే పట్టుకుంది.

లెక్కలు వచ్చాయి, ఫిజిక్సు వచ్చింది. డ్రాయింగు దగ్గరే తలప్రాణం తోకకొచ్చింది. కాగితం మీద ఒక దిమ్మె బొమ్మ ఇస్తారు. దాన్ని ముందు నుంచి, పై నుంచి, పక్క నుంచి చూస్తే ఎలా ఉంటుందో మూడు బొమ్మలు గీయాలి. కనిపించే అంచుకు నిండు గీత, లోపల దాగిన అంచుకు చుక్కల గీత. మోతీలాల్‌కు ఎంతసేపు చూసినా దిమ్మె దిమ్మెలాగే కనిపించేది. లోపలేముందో అంతు చిక్కేది కాదు.

హాస్టల్లో దీనికొక దొంగదారి ఉండేది. అద్దం పలక కింద బల్బు వెలిగించి, సీనియర్ గీసిన షీటు మీద తెల్ల షీటు పరిచి, గీతలు దింపేయడం. గ్లాస్ ట్రేసింగును కుదించి జీటీ అని దానికి ముద్దుపేరు కూడా. మోతీలాల్ ఏడాదంతా అలాగే నెట్టుకొచ్చాడు. పరీక్ష హాల్లో అద్దమెక్కడిది, బల్బెక్కడిది? రెండుసార్లు తెల్ల కాగితం ఇచ్చి వచ్చాడు. మూడోసారీ తప్పితే కాలేజీలో పేరు కొట్టేస్తారు.

సెలవులకు ఇంటికొచ్చిన కొడుక్కి ముద్ద దిగడం లేదని లోక్యా కనిపెట్టాడు. ఇంట్లో మాటలన్నీ లంబాడీలోనే గానీ చదువు సంగతులకు వాళ్ళు తెలుగులోకి వచ్చేవారు.

“ఏంది బిడ్డా, గంత ఫికరు?”

మోతీలాల్ దాచకుండా చెప్పాడు. లోక్యా నవ్వాడు.

“గింతేనా? ఎండకాలం తూముల దూరి పూడిక తీసెటోణ్ణి. లోపల ఏం దాగిందో నాకెరుక లేదా? దా.”

కాలువ గట్టున ఒండ్రు మట్టితో చిన్న తూము చేశాడు. ఇనుప తీగతో నిలువునా కోసి లోపలి సందు చూపించాడు. ముక్కలు మళ్ళీ అతికించి, ఇప్పుడా సందు ఎక్కడుందో గీయమన్నాడు. మట్టి మీద గోటితో ఒక బాణం గుర్తు పెట్టాడు. కాలువ మీద బాణమంటే నీళ్ళు పారే దిక్కు.

“గీ బాణానికి ఎదురుంగ నిలవడి చూడు. ఎప్పుడైనా నీళ్ళొచ్చే దిక్కే మొఖం పెట్టాలె. ఈపు చూపియ్యొద్దు.”

అది ఊరికే అన్న మాట కాదు. లోక్యా సొంత అన్న హేమ్లా నీళ్ళకు వీపు పెట్టి షట్టరు బిగిస్తూ కొట్టుకుపోయాడు. శవం మూడో రోజుకు గానీ దొరకలేదు. అప్పటి నుంచి లోక్యాకు అదే శాస్త్రం, అదే మంత్రం.

రోజుకో దిమ్మె చేశారు, రోజుకొకటి కోశారు. ఒకనాడు తీగ పెట్టకముందే లోపలి సందు మోతీలాల్ కళ్ళకు కట్టింది. ఆ సంతోషంలో మట్టి చేతులతోనే తండ్రి చేతులు పట్టుకున్నాడు.

మూడో పరీక్షలో అతని పెన్సిలు ఆగలేదు. గాడి ఉన్న దిమ్మె ఒకటి ఇచ్చారు. పక్కన బాణం గుర్తు. మోతీలాల్ మనసులోనే ఆ బాణానికి ఎదురుగా నిలబడి చూశాడు. గంట ముందే గీయడం అయిపోయింది. బయటికొచ్చి హైదరాబాదులో మొదటిసారి తృప్తిగా చాయ్ తాగాడు.

ఫలితాల్లో అతని నంబరు లేదు. నమ్మలేక డ్రాయింగు లెక్చరర్ రామబ్రహ్మం దగ్గరికి వెళ్ళాడు. పరీక్షలో గీసింది మళ్ళీ గీసి చూపించమన్నాడాయన. గీశాడు. ఆయన కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

“గీతల్లో తప్పు లేదయ్యా. ఇంత శుభ్రంగా గీసినవాడు ఈ ఏడు ఇంకొకడు లేడు. నువ్వు నిలబడ్డ చోటే తప్పు. బాణం ఎటు పోతుందో మన చూపూ అటే పోవాలి. నువ్వు దానికి ఎదురు నిలబడి వెనక భాగం గీశావు. ముందున్న గాడి చుక్కల గీతల్లో దాక్కుంది చూడు. ఎందుకలా నిలబడ్డావు?”

మోతీలాల్ ఏం చెబుతాడు? నీళ్ళకు వీపు చూపించొద్దని మా బాపు చెప్పాడంటాడా? ప్రశ్నాపత్రం రాసిన ఆ మహానుభావుడు ఒక్కపూట కాలువ గట్టున నిలబడి ఉంటే తెలిసొచ్చేది. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. మోతీలాల్ తల వంచుకుని బయటికొచ్చేశాడు.

కాలేజీ పేరు కొట్టేసింది. అతను బాన్సువాడ తిరిగొచ్చి కాలువ ఆఫీసులో ట్రేసరుగా కుదిరాడు. ఇంజనీర్లు గీసిన నక్షల మీద పల్చటి గుడ్డ పరిచి గీతలు దింపే పని. హాస్టల్లో దొంగచాటుగా నేర్చిన విద్యే కూడు పెట్టింది.

తండ్రికి మాత్రం లెక్కల్లో తప్పానని చెప్పాడు. అసలు సంగతి చెబితే ఆ మనిషి బతకడని అతనికి తెలుసు. లోక్యా ఆ మాట నమ్మి, తూము దగ్గరికి వచ్చిన ప్రతి రైతుకూ కొడుక్కి బొమ్మల చదువు తానే నేర్పానని చెప్పుకునేవాడు. వాళ్ళు ముసిముసిగా నవ్వుకునేవారు. మోతీలాల్ అక్కడుంటే నిజమేనని తలూపేవాడు.

1984లో లోక్యా మంచాన పడ్డాడు. ఇగ ఇంటికి తీసుకుపొమ్మని దవాఖానలో చెప్పేశారు. ఒక మధ్యాహ్నం మోతీలాల్ గంజి తాగిస్తుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“నిజం చెప్పు బిడ్డా. బొమ్మల పరీక్షల నేను చెప్పింది అక్కరకొచ్చిందా?”

“వచ్చింది బాపు. నువ్వు చెప్పినట్టే గీసిన.”

“మరి లెక్కలల్ల ఎట్ల తప్పినవ్?”

“ఆ దినం నా బుర్ర పనిచెయ్యలే.”

లోక్యా కొడుకు చెయ్యి పట్టుకున్నాడు.

“నాకు లెక్కలొస్తే గవి గూడ చెప్తుంటి బిడ్డా. రాకపాయె. నేనే నిన్ను ఆగం చేసిన.”

అతను తండ్రి మూతి తుడిచి, మిగిలిన గంజి కొంచెం కొంచెంగా తాగించాడు.