ఇరవై రెండు సెకన్ల ఊపిరి

యేసుదానం ఇప్పుడు స్టూలు మీద కూర్చుని స్నానం చేస్తున్నాడు. నిలబడితే రెండో చెంబుకే ఊపిరి అందడం లేదు.

గోదావరిఖని బొగ్గుబాయిలో ముప్పై మూడేళ్లు పనిచేశాడు. పోయిన వానాకాలం నుంచి సిక్ లీవులోనే ఉన్నాడు. గురువారం పెద్ద దవాఖానలో మెడికల్ బోర్డు ముందు హాజరు కావాలి. బోర్డు అన్‌ఫిట్ అని రాస్తే అతని ఉద్యోగం కొడుకు డానీకి వస్తుంది. అయితే అలా రాసే రోజుకు తండ్రికి కనీసం రెండేళ్ల సర్వీసు మిగిలి ఉండాలి. యేసుదానానికి రెండేళ్ల నాలుగు నెలలు ఉంది. డానీకి ఇరవై తొమ్మిదేళ్లు. డిగ్రీ చదివి పెళ్లిళ్లలో కీబోర్డు వాయిస్తున్నాడు.

ఆల్బమ్ ఆలోచన డానీదే. తల్లి సుసన్నా, చెల్లెలు ఎవాంజెలిన్, తండ్రి, తను: నలుగురూ ఇరవై ఏళ్లుగా కాలనీల ప్రార్థన కూటాల్లో పాడుతున్నారు. నస్పూర్, శ్రీరాంపూర్ దాకా పిలిచేవాళ్లు. పిలిచేది యేసుదానం గొంతు కోసమేనని ఇంట్లో అందరికీ తెలుసు.

"బాపు గొంతు ఉన్నప్పుడే రికార్డు చేసి పెట్టుకుందమే" అన్నాడు డానీ తల్లితో.

మంచిర్యాలలో ఒక స్టూడియో మాట్లాడుకున్నారు. ఎనిమిది పాటలు. చివరి పాట ఆఖర్లో యేసుదానం ఒక్కడే స్వరం ఎత్తుకుని చాలాసేపు నిలపాలి. ఒకప్పుడు నిలిపేవాడు. ఆ రోజు నాలుగు సెకన్లకే దగ్గు తన్నుకొచ్చింది.

"ఫికర్ చెయ్యకు కాకా. ముక్కలు ముక్కలుగ పాడు, నేను అతికిస్త" అన్నాడు రికార్డిస్టు ఉపేందర్.

మధ్య మధ్య కుర్చీలో కూలబడుతూ ఏడు ముక్కలు పాడాడు. అన్నీ కలిపి వినిపిస్తే ఇంట్లోవాళ్లు చప్పట్లు కొట్టారు. యేసుదానం మాత్రం మళ్లీ పెట్టించుకుని విన్నాడు. ఇరవై రెండు సెకన్లలో ఎక్కడా గాలి పీల్చిన చప్పుడు లేదు. ఆ పాడుతున్నవాడెవడో తను ఎరగని మనిషిలా ఉన్నాడు.

ఆ పాటకు చర్చి మెట్ల మీద వీడియో కూడా తీశారు. పెదవులు కదిపితే సరిపోయింది.

ఆదివారం ఆరాధన ముగిశాక డానీ దాన్ని యూట్యూబ్‌లో పెట్టాడు. సోమవారం పొద్దున్నే సదానందం వచ్చాడు. యేసుదానం ఫైలు వెంట తిరుగుతున్న యూనియన్ మనిషి అతను. చెప్పులు విడవకుండానే గుమ్మంలోంచి ఫోను చూపించాడు.

"ఏందన్నా ఇది? గురువారం బోర్డు ముందట దగ్గుతవా, కచేరి పెడ్తవా?"

"స్టూడియోల అతికించిండ్రు తమ్మీ."

"నాకు చెప్తె నమ్ముత. డాక్టర్లకు ఎట్ల చెప్తవ్? దవాఖానల నర్సమ్మలు స్టేటస్ పెట్టుకున్నరు. గీయనకేనా ఊపిరి ఆడంది అని కాంపౌండర్ నన్ను పట్టుకొని అడుగుతుండు."

"జల్ది తీసెయ్ డానీ" అంది సుసన్నా వంటింట్లోంచి.

"గందరు మెచ్చుకుంటుంటె ఎట్ల తీసుడే?"

"పోయేది నీ నౌకరి బిడ్డా."

డానీ తీసేశాడు. అప్పటికి పదకొండు వందల మంది చూశారు.

మధ్యాహ్నం రామకృష్ణాపూర్ నుంచి సుసన్నా తమ్ముడు ఫోన్ చేశాడు. అక్కడ పాస్టరు ఆయన. "బావా, పాట ఎట్లనో డిలీట్ అయినట్టుంది. రంధి పెట్టుకోకు, నేను ముందే దించుకున్న. మా చానెల్ల పెట్టిన!"

పైన తనే ఒక శీర్షిక కూడా రాశాడు: యాభై ఎనిమిదేళ్ల బొగ్గుబాయి కార్మికుడు, ఒకే ఊపిరిలో ఇరవై రెండు సెకన్లు, దేవునికి స్తోత్రం. సుసన్నా ఏడ్చి బతిమాలితే సాయంత్రానికి తీసేశాడు. ఈలోగా ముక్కూమొహం తెలియని రెండు చానెళ్లు దాన్ని ఎత్తుకున్నాయి, శీర్షికతో సహా. బుధవారానికి ముప్పై ఆరు వేల మంది చూశారు.

గురువారం బోర్డులో ముగ్గురు డాక్టర్లు ఉన్నారు. ఎక్స్‌రే చూశారు. గొట్టంలోకి మూడుసార్లు ఊదించారు. నడుమ కూర్చున్నాయన కలం పక్కన పెట్టాడు.

"ఆ పాట పాడింది మీరేనా?"

"నేనే సార్. కాని అది అతికించిన పాట."

"అయితే ఇక్కడ ఒకసారి పాడండి."

యేసుదానం లేచి నిలబడ్డాడు. స్వరం నిలిస్తే కొడుకు ఉద్యోగం పోతుంది. తెగితే నటిస్తున్నాడంటారు. పాడటం మొదలుపెట్టిన ఈ నలభై ఏళ్లలో ఏ ఒక్క స్వరాన్నీ అతను కావాలని తుంచలేదు. ఇప్పుడూ ఉన్నంత గాలి లోపలికి లాక్కుని ఎత్తుకున్నాడు. నాలుగో సెకనుకు దగ్గు మొదలైంది. బల్ల అంచు పట్టుకుని చాలాసేపు దగ్గాడు. డాక్టర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరగా కూర్చున్నాయన నవ్వు ఆపుకోవడం యేసుదానం కంట పడింది.

బయట వరండాలో డానీ ఎదురొచ్చాడు. "ఏమన్నరు బాపు?"

యేసుదానం కొడుకు చేతిలో కాగితం పెట్టాడు. ఆరు నెలల తర్వాత మళ్లీ పరీక్షకు రావాలని ఉంది. అప్పటికి యేసుదానానికి మిగిలే సర్వీసు ఒక సంవత్సరం పది నెలలు.