నాలుగు చక్రాలు దాటని వంతెన

వంతెనలు తనిఖీ చేసే ఇంజనీరును ఆఫీసులో అందరూ సుత్తి సారు అంటారు. ఇరవై ఆరేళ్లుగా ఆయన స్తంభాలను సుత్తితో తట్టి, ఆ చప్పుడును బట్టి లోపల డొల్ల ఉందో లేదో చెబుతున్నారు. నిరుడు ఆయన అక్క వాళ్ల ఊరి వంతెన డొల్ల పలికింది. బండ్లు ఆపేయాలని ఆయనే రాశారు. మర్నాడే రెండు చివరలా బండి దూరకుండా ఇనుప గుంజలు పాతారు. వారానికి రెండుసార్లు ఆసుపత్రికి వెళ్లాల్సిన బావను అప్పటినుంచి అక్క వంతెన మీద నడిపించుకెళ్లి, అవతల ఆటో ఎక్కిస్తోంది.

ఈ ఏడు ఏ వంతెనలు ముందు బాగుచేయాలో తేల్చడానికి సమావేశం జరిగింది. రోజుకు ఎక్కువ బండ్లు దాటే వంతెనకు ఎక్కువ మార్కులు. అక్క వాళ్ల వంతెనకు సున్నా వచ్చింది.

"బండ్లు ఆపించింది మనమే కదండీ, ఇక దాటేదెవరు?" అన్నారు సుత్తి సారు.

"నిజమేనండీ. ఆపకముందు లెక్క ఎవరూ తీయలేదాయె. ఆ గడిలో సున్నా కాక ఏం వేయమంటారు?" అన్నాడు పై అధికారి.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "మాదెన్నోదిరా?"

"నలభై ఒకటోది. చేసేది పన్నెండే."

"తమ్ముడు ఇంజనీరని ఊరంతా టముకేశాను, పరువు పోయింది! పోనీ వంతెన బాగానే ఉందని రాసెయ్. బండ్లు తిరుగుతాయి, మార్కులూ పడతాయి."

"కూలుతుందక్కా."

"మీ బావ ఇప్పుడు వంతెన దాటేలోపు రెండుసార్లు కూలబడుతున్నాడురా," అంది.

"మధ్యలో కూర్చోడానికి ఒక బల్ల వేయిస్తాలే," అన్నారు సుత్తి సారు.