ప్రస్థానం పెట్టిన కారు

మా మరదలు ఎడిన్‌బర్గ్‌లో ఉంటుంది. తొలిచూలు. గురువారం పొద్దున సీమంతం. అత్తగారికి వీసా రాలేదు. పుట్టింటి తరఫున చలిమిడి పెట్టడానికి ఈ దేశం మొత్తానికి ఉన్నది మా ఆవిడ ఒక్కతే. పనిచేసే ఆస్పత్రి డ్యూటీ రోటాలో ఆమెకు బుధవారం నుంచే సెలవు దొరికింది. మేముండే మిల్టన్ కీన్స్‌లో పొద్దున్నే కారెక్కితే సాయంత్రానికి చేరతాం, ఇందులో ఏముంది అనుకున్నాను.

అత్తగారు వీడియో కాల్‌లో గుండెల మీద చెయ్యేసుకున్నారు.

"బుధవారం ఉత్తరానికా! వారశూల బాబూ. సోమవారమే ప్రస్థానం పెట్టుకోండి."

ప్రస్థానమంటే మంచి ఘడియలో మన సంచీ ఒకటి వేరేవాళ్ళింట్లో పెట్టి రావడం. అక్కడితో ప్రయాణం మొదలైనట్టే. ఆ తర్వాత ఏ రోజు కదిలినా దోషం లేదట. నాకు ఒళ్ళు మండింది. మోటార్‌వేకి వారాలు తెలుస్తాయా?

"సంచీ ఎందుకు, కారే పెట్టేస్తా" అన్నాను వెటకారంగా.

మా ఆవిడ నిజంగానే ఆ మాట పట్టుకుంది. సోమవారం సాయంత్రం చీర, గాజులు, పసుపు కుంకుమలు డిక్కీలో సర్ది, మైలు దూరంలో ఉన్న తెలిసిన ఆంటీ ఇంటి ముందు కారు పెట్టించింది. తిరిగి నడిచొస్తూ దారి పొడుగునా సణిగాను.

బుధవారం ఏడింటికి చలిమిడి డబ్బా, పులిహోర పట్టుకుని వెళ్ళి తాళం తిప్పితే కారు కిక్కురుమనలేదు.

"చూశావా మీ అమ్మ శాస్త్రం!" అని అరిచాను. ఆమె డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ రోజు రైళ్ళ సమ్మె కూడాను.

"నేను వెళ్ళకపోతే రేపు దానికి పుట్టింటివాళ్ళంటూ ఎవరూ ఉండరండీ" అంది చివరికి. అరిచినందుకు సిగ్గేసింది.

కారు ఆగిపోతే వచ్చి ఆదుకునే బ్రేక్‌డౌన్ కంపెనీకి ఫోన్ చేశాను. అటువైపు అమ్మాయి మొదట అడిగిందే, "కారు మీ ఇంటి దగ్గర ఉందా?" అని. అప్పుడు గుర్తొచ్చింది నా ఘనకార్యం. పాలసీ తీసుకునేటప్పుడు దేశంలో ఎక్కడికైనా మోసుకెళ్ళే రికవరీకి టిక్కు పెట్టాను గానీ, హోమ్ స్టార్ట్‌కి పెట్టలేదు. అది లేకపోతే ఇంటికి పావు మైలు లోపల ఆగిన కారుకి ఎవరూ రారు. గుమ్మం ముందే ఆగితే మనమే చూసుకోలేమా అన్న అతితెలివి నాది.

"లేదు, ఇంటికి మైలు దూరంలో ఉంది."

"అయితే కవర్ ఉంది. మనిషిని పంపిస్తున్నాం."

మెకానిక్ వచ్చి బానెట్ ఎత్తి చూశాడు. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ పోయిందట, పార్టు శుక్రవారానికి గానీ రాదట. నా ప్రాణం ఉసూరుమంది.

"మీకు నేషనల్ రికవరీ ఉందిగా, ఎక్కడికి వెళ్ళాలి?" అన్నాడు.

"ఎడిన్‌బర్గ్."

అతను నా వంక, డబ్బా వంక చూసి ఈల వేశాడు. రెండు గంటల్లో లారీ వచ్చింది. మా కారు దాని వీపు మీద, మేము ముందు క్యాబిన్‌లో. ఓరి భగవంతుడా, అంత ఎత్తు నుంచి ఇంగ్లండుని ఎప్పుడూ చూడలేదు! డ్రైవరు డ్యూటీ గంటలు అయిపోయాయని సగం దారిలో లారీ మారాం. పులిహోర పెడితే ఇద్దరు డ్రైవర్లూ మారు అడిగి తిన్నారు.

"మోటార్‌వేకి వారాలు తెలియకపోతే పోనీ, పాలసీకి మైళ్ళు తెలుసుగా" అంది మా ఆవిడ. నవ్వక చస్తానా.

గురువారం మా ఆవిడ తన చెల్లెలికి గాజులు తొడిగి, ఒడిలో చలిమిడి పెట్టింది. చెల్లెలు అక్క భుజం మీద తలపెట్టి ఒకటే ఏడుపు. ఫోను పట్టుకునే పని నాది.

"ఇంకాస్త దగ్గరగా పెట్టండి బాబూ, దాని మొహం చూడాలి" అన్నారు అత్తగారు. పెట్టాను. అటువైపు ఆవిడ అరచెయ్యి చాపి, తెర మీదే కూతురి తల నిమిరారు. చెయ్యి పీకుతున్నా, ఆవిడ చాలనేదాకా ఫోను దించలేదు.