పలక మీద రెండో వరస

మొన్న మా మనవరాలు బడి నుంచి తెచ్చిన పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. కొత్త పద్ధతి అని నాకు గొప్పగా చెప్పింది. కొత్తా లేదు, పాడూ లేదు. అరవైలు ముగియబోతున్న రోజుల్లోనే, ఎచ్చెర్ల దగ్గర మా ఊళ్లో, ఆ పద్ధతిని మా పిన్ని ఒక్క పలక మీద నడిపింది.

పిన్ని పర్లాకిమిడి అవతలి నుంచి మా ఇంటికి కోడలుగా వచ్చింది. పుట్టింట్లో మాట తెలుగే గాని, బళ్లో చదివింది ఒరియా. అయిదో తరగతి పూర్తిచేసినా, తెలుగు అక్షరం రాదు కాబట్టి మా ఇంట్లో ఆమెది చదువురాని కోడలి లెక్కే. బాబాయికి ఖరగ్‌పూర్‌లో రైల్వే పని. అక్కడ ఇల్లు దొరికేదాకా పిన్ని మా దగ్గరే. ఆయన ఆమెకి రాసే ఉత్తరాలు తాతయ్య వీధి అరుగు మీద కూర్చుని నాలుగిళ్లకు వినబడేట్టు చదివేవాడు. అలాంటి ఉత్తరంలో బాబాయి మాత్రం ఏం రాస్తాడు, పాపం? ఆవు ఈనిందా, వానలు పడ్డాయా అనే. పిన్ని తలుపు చాటున నిలబడి వినేది.

ఒకరోజు నన్ను పెరట్లోకి పిలిచి, "ఒసే, బళ్లో నీకేటి సెప్పినారో అది నాకు సెప్పు. ఆయన ఉత్తరం నేనే సదువుకోవాల" అంది. అప్పుడు నాది నాలుగో తరగతి. పలక మీద నేను తెలుగు అక్షరం రాస్తే, దాని కింద ఆమె గొడుగు పట్టినట్టుండే తన అక్షరం రాసుకునేది. "నీవి నాకొచ్చేస్తన్నాయి. నావి నీకెప్పుడొస్తాయే?" అనేది. పరీక్షలయ్యాక నేర్చుకుంటానని మాటిచ్చాను.

ఒకనాడు పలక తుడవకుండా బడికి పట్టుకుపోయాను. మేష్టారు చూశారు. దెబ్బలు తప్పవనుకున్నాను. ఆయన దాన్ని తీసుకెళ్లి, మా తరగతిలో వెనక కూర్చునే ఇద్దరు ఒరియా అక్కచెల్లెళ్ల ముందు పెట్టారు. ఏడాదిగా నోరు విప్పని పిల్లలు కింది వరస చదివి, ఆ ఊపులో పైదీ చదివేశారు. సాయంత్రం మేష్టారు మా ఇంటికొచ్చి, ఆ పిల్లలకి చెప్పడానికి పిన్నిని రోజూ ఓ గంట బడికి పంపమన్నారు. "సదువు రాని పిల్లకి బళ్లో ఏటి పని మేష్టారూ?" అన్నాడు తాతయ్య. ఆయన పలక చేతికిచ్చి కింది వరస చదవమన్నారు. తాతయ్య పలకను అటు తిప్పి, ఇటు తిప్పి, చివరికి "ఎల్లమనండి" అన్నాడు.

చలికాలంలో ఉత్తరం వచ్చినప్పుడు తాతయ్య అలవాటుగా చెయ్యి చాచాడు. "నాకిచ్చీండి మావయ్యా, నేను సదువుకుంటాను" అని పిన్ని దాన్ని తీసుకుని లోపలికెళ్లి తలుపు వేసుకుంది. తాతయ్య కళ్లజోడు పెట్టుకునే కూర్చుండిపోయాడు. నాకు గర్వంగా ఉంది, ఏడుపూ వచ్చింది. నా పరీక్షలు కాకముందే బాబాయి వచ్చి ఆమెను తీసుకుపోయాడు.

అక్కణ్నుంచి నాకు తెలుగులో రాసేది. ప్రతి ఉత్తరం అడుగున మాత్రం ఒక ఒరియా వరస, పక్కన "ఇది నువ్వే సదువుకోవాల" అని. పిన్ని పోయి చాలా ఏళ్లయింది. ఆ వరసలు ఫోనుకు చూపిస్తే క్షణంలో అర్థం చెబుతుందని మనవరాలు అంటుంది. వద్దన్నాను. తన ఉత్తరాన్ని తలుపు చాటున నిలబడి విన్న మనిషి రాసిన వరస అది. ఒరియా మొదటి వాచకం తెప్పించుకున్నాను, ఏడక్షరాలు వచ్చాయి. పరీక్షలయ్యాక అని మాటిచ్చాను గదా. నా పరీక్షలన్నీ అయ్యేసరికి అరవై దాటాయి, అక్షరం దిద్దించాల్సిన మనిషి లేకుండా పోయింది.