ఇద్దరు రాని రోజు

మొన్న మధ్యాహ్నం భోంచేసి వచ్చి ఫోను చేతిలోకి తీసుకుంటే అందులో రంగురంగుల ఆహ్వానపత్రిక ఒకటి వచ్చి కూర్చుంది. మన ప్రాంతపు కాలేజీల్లో హాస్టళ్ళు, మెస్సులు, బస్సులు, తోటలు, పారిశుద్ధ్యం చూసే అధికారులంతా నెల్లూరులో ఓ పెద్ద హోటల్లో సదస్సు జరుపుకుంటున్నారట, పాతతరం వాళ్ళలో ఇంకా తిరుగుతున్న నలుగురైదుగురిని పిలిచి నాలుగు మాటలు చెప్పించి శాలువా కప్పుతారట, వాళ్ళలో నేనూ ఒకదాన్నట. ఈసారి చర్చించబోయే విషయం 'విద్యార్థులకు ఇంటి భోజనపు అనుభూతి' అని కింద పెద్ద అక్షరాలతో వేశారు. అది చదవగానే నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ వయసులో కోపం మంచిది కాదనీ, బీపీ పెరుగుతుందనీ డాక్టరు చెబుతూనే ఉంటాడు, పెరిగితే పెరగనివ్వండి. నాలాగే ఎక్కడో ఒకచోట ఉద్యోగం చేసి దిగిపోయిన వాళ్ళు మీలో చాలామంది ఉంటారు కనుక, ఈ మంట ఎందుకో మీకు చెబితేనే అర్థమవుతుంది.

నేను పనిచేసిన ఇంజనీరింగు కాలేజీ నెల్లూరు నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఉంది. ఒక పక్క వరి మళ్ళు, ఇంకో పక్క రొయ్యల గుంటలు, మధ్యలో ఈ నాలుగంతస్తుల మేడలు. గాలి అటు తిరిగిందంటే క్లాసులో లెక్కలు చెప్పే మాస్టారు కూడా ముక్కు మూసుకోవాల్సిందే. అక్కడ నేను హాస్టలు మెస్సుకు సూపర్‌వైజర్ని. పేరుకు సూపర్‌వైజర్నే గానీ ఆ వంటశాలకు పెద్దదిక్కు మా మేనత్త. మా నాన్నకు పెద్దక్క, చిట్టమూరు వైపు పల్లెలో నాట్లు వేసుకుంటూ బతికిన మనిషి, మామయ్య పోయాక, కాలేజీ కొత్తగా పెట్టిన రోజుల్లో, తన ఊరి ఆడవాళ్ళను కొందరిని వెంటబెట్టుకుని వచ్చి ఆ పొయ్యిల ముందు నిలబడింది. నా బీకాం పూర్తయ్యాక ఆమె ఒక మాట చెప్పబట్టే కరస్పాండెంటు గారు నాకూ ఓ కుర్చీ ఇచ్చారు. నలుగురిలో అత్త నన్ను మేడమ్ అని పిలిచేది, ఎవరూ లేనప్పుడు మాత్రం తలకు నూనె పెట్టుకోలేదని తిట్టేది.

మాది ప్రార్థన చేసుకునే ఇల్లు. అన్నం గిన్నెల మూతలు తీసేముందు అత్త కళ్ళు మూసుకుని రెండు మాటలు దేవుడితో చెప్పుకునేది, ఆ వంటశాలలో హిందువుల ఆడవాళ్ళు కూడా ఉండేవాళ్ళు, వాళ్ళు కూడా చేతులు కట్టుకుని నిలబడి ఎవరి దేవుడికి వాళ్ళు చెప్పుకునేవాళ్ళు. పిల్లలు ఎంత ఆకలి మీద ఉన్నా ఆ రెండు మాటలు అయ్యేదాకా కంచాలు మోగించేవాళ్ళు కాదు. ఇప్పటి పిల్లలైతే ఆగుతారో లేదో నాకు తెలియదు.

ఇక్కడ నాట్ల సంగతి ఒకటి చెప్పాలి, అది చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు తలకెక్కదు. మా వైపు ఆడవాళ్ళు మడిలో వరసగా వంగి నాటుకుంటూ వెనక్కి జరుగుతారు కదా, వాళ్ళలో ఒకామెకు జ్వరమో, నడుం నొప్పో, కడుపుతో ఉండడమో జరిగితే ఆమె పక్కనున్న ఇద్దరూ ఏమీ అనకుండానే ఆమె ముందున్న జాగాలో చెరికొంత నాటేస్తారు. వరస వంకరపోదు, గట్టు మీద నిలబడ్డ రైతుకు ఎవరు వెనకబడ్డారో తెలియదు. అలా తెలియనివ్వకపోవడమే వాళ్ళ పరువు. అత్తా, ఆమెతో వచ్చినవాళ్ళూ ఆ అలవాటునే వంటశాలలోకి తెచ్చుకున్నారు. ఎవరైనా రాకపోతే ఆమె తరగాల్సిన కూరగాయలు ఒకామె తరిగేది, ఆమె రుబ్బాల్సిన పిండి ఇంకొకామె రుబ్బేది, రాలేదన్న మాట ఆఫీసు దాకా పోనిచ్చేవాళ్ళు కాదు. సూపర్‌వైజర్నైన నాకే చాలాసార్లు తెలిసేది కాదు, తెలిసినా తెలియనట్టే ఊరుకోవడం నాకూ అలవాటైంది.

అలాంటి రోజుల్లో ఈ ప్రాంతీయ సదస్సు మా కాలేజీలో పెట్టుకుందామని కరస్పాండెంటు గారు ముచ్చటపడ్డారు. చుట్టుపక్కల కాలేజీల నుంచి వార్డెన్లూ, మెస్సు మేనేజర్లూ, బస్సుల ఇన్‌చార్జీలూ దిగారు. గేటు దగ్గర బ్యానరు మీద మమ్మల్నందరినీ 'క్యాంపస్ సేవల నాయకులు' అని రాశారు. అప్పటిదాకా మమ్మల్ని ఎవరూ నాయకులని అన్న పాపాన పోలేదు. సాంబారులో పురుగు వస్తే పిలిచేవాళ్ళు, లేకపోతే మేమున్నామని కూడా ఎవరికీ గుర్తుండదు. అందుకే కాబోలు, మెడలో బ్యాడ్జీ, భుజాన జనపనార సంచీ తగిలించుకుని ఆ రెండు రోజులూ నేను నేల మీద నడవలేదు. మా మెస్సు గురించి పదిమందికీ తెలుస్తుందని ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

అత్త సంబరం ఇంకా ఎక్కువ. బయటివాళ్ళు నెల్లూరొస్తే చేపల పులుసే అడుగుతారని ఆమెకు తెలుసు, పులుసు మర్నాటికి గానీ రుచి తేలదనీ తెలుసు, అందుకని ముందురోజే మామిడికాయ ముక్కలు వేసి కాచి దించి, ఈగ వాలకుండా గుడ్డ కట్టి పెట్టింది. సదస్సు మొదటి రోజు పొద్దున్నే, ఆ వంటశాలలోనే పనిచేసే ఆమె కోడలు రాలేదు, బిడ్డకు ఒళ్ళు కాలిపోతుంటే ఆటోలో వేసుకుని నెల్లూరు ఆసుపత్రికి పోయింది. ఊరి నుంచి అత్తతో వచ్చిన పక్కింటామె కూడా రాలేదు, సంగం ఊళ్ళో ఉండే తమ్ముడు పోయాడని కబురొస్తే ఏడుస్తూ బస్సెక్కింది. అంత పెద్ద పని ఉన్న రోజున ఇద్దరు తక్కువైతే నేనైతే కాళ్ళూ చేతులూ ఆడక కూర్చునేదాన్ని. అత్త చీర చెంగు నడుముకు బిగించింది, మిగిలినవాళ్ళు వాళ్ళ భాగాలు పంచుకున్నారు, భోజనం వేళకు ఒక్క నిమిషం ఆలస్యం కాకుండా విస్తళ్ళు పడ్డాయి. వచ్చినవాళ్ళు పులుసు మళ్ళీ మళ్ళీ వేయించుకుని తిన్నారు.

భోజనాలయ్యాక అందరినీ వంటశాల చూడ్డానికి తీసుకొచ్చారు. వాళ్ళలో హైదరాబాదు నుంచి వచ్చిన ఒక సలహాదారు ఉన్నాడు, మెత్తగా మాట్లాడే మనిషి, అందరినీ అమ్మా అనే పిలిచాడు. ఇంతమందికి వండాలంటే చాలా కష్టం కదమ్మా అని అత్తను అడిగాడు. మా వైపు కడుపు నిండా తిన్న అతిథి ఆ మాట అడిగితే దానికి ఒక్కటే జవాబు. కష్టమని అంటే పెట్టిన అన్నం ఎత్తిచూపినట్టు.

"కష్టమేముండాది సార్, మీరు నాలుగు ముద్దలు తిన్నారు, మాకదే చాలు," అంది అత్త.

మరి మనుషులు రాని రోజున ఏం చేస్తారని అతను మళ్ళీ అడిగాడు. అత్త వెనక నిలబడ్డ ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకుని నోటికి చెంగులు అడ్డం పెట్టుకున్నారు.

"రాకపోతే ఏమైతాది సార్? ఈ పొద్దు ఇద్దరు రాలా. మీ పులుసులో ఉప్పేమన్నా తగ్గిందా?"

అంతే, అందరూ పగలబడి నవ్వారు, చప్పట్లు కొట్టారు, కరస్పాండెంటు గారు గర్వంగా మీసం మీద చెయ్యి వేసుకున్నారు. నేనూ కొట్టాను చప్పట్లు, మా అత్త కదా. ఆ సలహాదారు అత్తను నిలబెట్టి ఫోటో తీసుకున్నాడు.

మర్నాడు అతని ఉపన్యాసం. తెర మీద అత్త ఫోటో పడింది, చెంగు బిగించుకుని నవ్వుతూ. పక్కన ఇంగ్లీషులో రాసిన ముక్కలు నాకు అర్థమయ్యాయి: తక్కువ మందితో అదే సేవ, మన కాలేజీల వంటశాలల్లో అక్కర లేకుండా పేరుకుపోయిన సిబ్బంది, దాన్ని తగ్గించే దారులు. పని పంచుకోవడం చేతనైన వాళ్ళకు అంతమంది ఎందుకని అతను అడుగుతుంటే, ముందు వరసల్లో కూర్చున్న యాజమాన్యాల వాళ్ళు తలలూపుతూ రాసుకున్నారు. వెనక గుమ్మం దగ్గర టీ గ్లాసులతో నిలబడ్డ అత్తకు తన బొమ్మ తప్ప ఇంకేమీ తెలియలేదు, సిగ్గుతో మొహం పక్కకు తిప్పుకుంది. చివర్లో ఆమెను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారే, అది మెడలో బ్యాడ్జీ వేసుకుని, అమ్మా అని పిలుస్తూ కూడా చేయొచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

సెలవులు అయిపోయి కాలేజీ తెరిచేటప్పటికి ఇద్దరిని తీసేయమని ఆఫీసు నుంచి మాట వచ్చింది. ఏ ఇద్దరినో మీరు ఊహించే ఉంటారు. వాళ్ళు లేకపోయినా పని ఆగదని అందరి ముందూ రుజువైంది కాబట్టి ఇంకొకరి గురించి ఆలోచించే శ్రమ కూడా ఎవరికీ లేకపోయింది. నేను పరుగెత్తుకెళ్ళి కరస్పాండెంటు గారిని బతిమాలాను. ఆయన చాలా మర్యాదగా, మీ మేనత్తే కదమ్మా చెప్పింది, అన్నారు.

ఆ సాయంత్రం అత్త తనే ఆయన గది దగ్గరికి వెళ్ళింది. లోపలికి రమ్మన్నా పోకుండా గుమ్మం దగ్గరే నిలబడింది. నేను పక్కనే ఉన్నాను. ఆమె జీవితంలో ఎవరి దగ్గరా అనని మాట ఆ రోజు అంది.

"నేనేదో గొప్పకి చెప్పినాను సార్. కష్టమే. శానా కష్టం సార్, నిజంగా."

ఆయన నవ్వారు. "ఆ రోజు అందరి ముందరా నవ్వతా చెప్పినావు గదమ్మా, ఇప్పుడు మాట మారిస్తే ఎట్టా?" అన్నారు.

గొప్పకు చెప్పినదాన్ని నిజమని పట్టుకుని, నిజం చెప్పినప్పుడు అబద్ధమన్నారు. ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఆయన మీద మన్నింపు పుట్టదు. మన్నించమని బైబిలు వాక్యం చెబుతుంది, నేనూ ప్రతి ఆదివారం వింటాను, కానీ నా వల్ల కాలేదు.

కోడలు పెద్దగా ఏమీ అనలేదు, ఇంటి మనిషి కనుక మింగేసింది. పక్కింటామె మాత్రం చర్చి బయట, అందరూ వింటుండగా, నువ్వు నవ్వతా అన్న మాట మా కంచంలో కూడు తీసేసింది గదక్కా అని అడిగేసి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమె అత్తతో మాట్లాడలేదు. అత్తను ఉండమని కాలేజీ వాళ్ళు ఎంతో అడిగారు, ఆమె ఉండలేదు, ఆ వారమే మానేసింది. నేను ఉండిపోయాను, పిల్లల చదువులు, ఇంటి అద్దె, ఆ సంగతులు మీకు విడమరచి చెప్పక్కర్లేదు. కొన్నాళ్ళకు మిగిలిన ఆడవాళ్ళను కూడా ఒక్కొక్కరినే పంపేసి వంట అంతా కాంట్రాక్టుకు ఇచ్చేశారు. వేరే ఎక్కడో వండిన కూరలు వ్యాన్లలో వచ్చేవి, పిల్లలు సగం తిని సగం పారేసేవాళ్ళు. ఇప్పుడు వీళ్ళకు ఇంటి భోజనపు అనుభూతి కావాల్సి వచ్చింది, దాన్ని నేను మైకు పట్టుకుని చెప్పాలి. నేను రానని ఒక్క ముక్క రాసి పంపేశాను, కారణం అడిగితే ఏం చెప్పాలో గానీ ఎవరూ అడగలేదు.

అత్త ఆ తర్వాత పెళ్ళిళ్ళకూ, చర్చి పండుగలకూ వంటలు చేసిపెడుతూ బతికింది. పిలిచినవాళ్ళు ముగ్గురు మనుషులు సరిపోతారా పెద్దమ్మా అని అడిగితే చాలరు నాయనా, అయిదుగురు కావాల, నా చేతుల్లో సత్తువ లేదు అనేది. అలా ఎక్కువ పెట్టించుకున్న ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ కోడలే, రెండో మనిషి పక్కింటామె. పక్కింటామె వచ్చేది, పని చేసేది, కూలి తీసుకునేది, అత్త మొహం మాత్రం చూసేది కాదు. నేను ఒకటి రెండు పెళ్ళిళ్ళలో దగ్గరుండి చూశాను, అత్త చేతుల్లో సత్తువ ఏమీ తగ్గలేదు, ముగ్గురితోనే అయిపోయే పనిని ఆమె కావాలనే నెమ్మదిగా నడిపించేది, మధ్యమధ్యలో నడుం పట్టుకుని పెద్దగా మూలిగేది కూడా. ఆ మూలుగు ఆమెకు చేతకాదు, చూసేవాళ్ళకు నవ్వొచ్చేటట్టు ఉండేది, నాకు మాత్రం ఏడుపొచ్చేది.

కష్టం బయటికి తెలియనివ్వకపోవడం పరువైన రోజుల్లో పుట్టినవాళ్ళం మనం. ఇప్పుడు చిన్న పనికైనా ముందు నలుగురూ వినేలా ఆపసోపాలు పడితే గానీ ఉద్యోగం నిలవదని పిల్లలకు ఎవరూ నేర్పకుండానే తెలుసు, వాళ్ళను నేను తప్పుపట్టను. అత్త అది ముసలితనంలో నేర్చుకోవాల్సి వచ్చింది. నాట్లలోనూ పొయ్యి దగ్గరా ఆమెను మించిన మనిషి లేదన్న పేరు ఆమె ఒక్కగానొక్క ఆస్తి, దాన్ని ఇద్దరి కూలి కోసం తన చేత్తోనే చెడగొట్టుకుంది. ఆమె పోయిన రోజున సమాధి దగ్గర ఎవరో, మంచి మనిషే గానీ చివర్లో పనిలో బాగా మొద్దుబారిపోయింది పాపం అన్నారు. పక్కింటామె ఆ మాట విని తల వంచుకుంది, కాదని మాత్రం అనలేదు.